గట్టి ఆట, మోటు ఆట: బాలికల ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దే పద్ధతి

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల పాఠశాలల్లో ఫుట్‌బాల్ జట్టులో చేరడానికి వచ్చే ఆడపిల్లల్లో చాలామంది అప్పటికే కబడ్డీయో ఖోఖోయో ఆడినవారై ఉంటారు. వారికి పరుగూ దమ్మూ ఉంటాయి, కింద పడతామన్న భయం ఉండదు. ఎదుటి మనిషిని చేతులతో పట్టకుండా బంతిని గెలుచుకునే అలవాటు మాత్రం ఉండదు. కబడ్డీలో నడుము పట్టి ఆపితే చప్పట్లు మోగుతాయి, ఫుట్‌బాల్‌లో అదే పనికి విజిల్ మోగుతుంది. కాజీపేటలో జరిగిన ఒక మ్యాచ్‌లో మా డిఫెండర్ ఒకరు గోలు వైపు ఒంటరిగా దూసుకుపోతున్న అమ్మాయిని వెనుక నుంచి రెండు చేతులతో చుట్టి పడేసి, మెచ్చుకుంటాననుకొని నా వైపు చూసి నవ్వింది. రిఫరీ రెడ్ కార్డు తీసేసరికి ఆ పిల్లకు ఏమి జరిగిందో అర్థం కాలేదు. ఆ కార్డు నిజానికి నాకు చూపవలసింది, ఎందుకంటే ఆమెకు పరుగెత్తడం, తన్నడం నేర్పాను గాని అడ్డుకోవడం నేర్పలేదు.

అందుచేత కొత్త జట్టుతో మొదటి వారంలోనే నియమాలు మాట్లాడాలి. ఫుట్‌బాల్ 12వ నియమం తప్పును మూడు మెట్లుగా చూస్తుంది. చూసుకోకుండా తగిలితే ఫ్రీకిక్‌తో సరిపోతుంది. ఎదుటివారికి దెబ్బ తగులుతుందేమోనన్న లెక్క లేకుండా దూకితే హెచ్చరికగా ఎల్లో కార్డు. అవసరానికి మించిన బలంతో, దెబ్బ తగిలించే తీరులో మీద పడితే రెడ్ కార్డు. రెడ్ కార్డు పడిన అమ్మాయి స్థానంలో మరొకరు రావడానికి వీలులేదు కాబట్టి మిగిలిన సమయమంతా జట్టు ఒకరు తక్కువగానే ఆడాలి. ఈ మూడు మెట్లను నోటితో చెప్పి వదిలేయకుండా, ఇద్దరు పిల్లలను నిలబెట్టి నెమ్మదిగా చేసి చూపించి, ‘ఇది ఏ మెట్టు?’ అని మిగిలినవారిని అడగాలి. పిల్లలు మనకన్నా కఠినంగా తీర్పు చెబుతారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మోటుగా ఆడిన అమ్మాయిని ‘ఆడపిల్లవు, నెమ్మదిగా ఆడు’ అని మందలించే అలవాటు మన గ్రౌండ్లలో బాగా ఉంది. ఆ మాట వల్ల తప్పు పోదు, ఆట పోతుంది. నిజామాబాద్ జిల్లా నుంచి ఎదిగి భారత జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరిన గుగులోతు సౌమ్య వంటి క్రీడాకారిణిని అడ్డుకోవడానికి మెత్తదనం పనికిరాదు. బంతి అందే దూరంలో ఉన్నప్పుడు భుజానికి భుజం ఆనించి బలం చూపడం నియమబద్ధమేనని, మోచేయి లేచినా, వీపు మీద నెట్టినా అది తప్పవుతుందని స్పష్టంగా చెబితే పిల్లలకు తమ బలాన్ని ఎక్కడ వాడాలో తెలుస్తుంది.

శిక్షణలో ఎక్కువ సమయం పెట్టవలసినది అడ్డుకునే పద్ధతి మీద. ఐదు మీటర్ల చదరాన్ని సున్నంతో గీసి, ఒకరికి బంతి ఇచ్చి, మరొకరిని అడ్డుకోమనాలి. అడ్డుకునే అమ్మాయి రెండు చేతుల్లోనూ చెరొక టెన్నిస్ బంతి పెట్టాలి. చేతులు ఖాళీగా లేకపోతే బట్ట పట్టి లాగడం కుదరదు, కాళ్లే పని చేయాలి. మొదటి రెండు రోజులు నడకతోనే చేయించాలి. ఎదురుగా నిటారుగా నిలబడకుండా కొద్దిగా పక్కకు తిరిగి, మోకాళ్లు వంచి, ఒక చేతి దూరంలో ఆగి, కళ్లు బంతి మీదే ఉంచమనాలి. ఎదుటి అమ్మాయి కాలి నుంచి బంతి కాస్త ముందుకు జరిగిన క్షణం వరకు ఓపిక పట్టి, అప్పుడు పాదం లోపలి వైపుతో బంతిని అడ్డగించాలి. మ్యాచ్‌లలో నేను చూసిన మోటు తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఓపిక లేకపోవడం వల్ల జరిగినవే: బంతి ఇంకా ఎదుటివారి కాలికి అంటి ఉండగానే ముందుకు దూకడం, ఆలస్యంగా చేరడం, బంతికి బదులు చీలమండను తన్నడం. నడకలో కుదిరిన తరువాత నెమ్మది పరుగులో, ఆ తరువాత పూర్తి వేగంతో చేయించి, చివరిగా చేతుల్లోని బంతులు తీసేయాలి. తీసేసిన రోజున పాత అలవాటు ఒకసారి తొంగిచూస్తుంది, కంగారు పడనక్కరలేదు.

జారుతూ అడ్డుకోవడాన్ని మాత్రం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు మొరం నేల మీద అసలు నేర్పవద్దన్నది నా అభిప్రాయం. పచ్చిక మీద పనికివచ్చే విద్య మన గట్టి నేల మీద తొడ చర్మాన్ని ఊడదీస్తుంది, పైగా ఆగడం చేతకాని పిల్ల నేరుగా ఎదుటి అమ్మాయి కాళ్ల మీదికే పోతుంది.

మ్యాచ్ రోజున తనిఖీకి రిఫరీ వచ్చేదాకా ఆగకూడదు. మోకాలి కింది ఎముకను కాపాడే షిన్ గార్డులు తప్పనిసరి, వాటిని మేజోళ్లు కప్పి ఉంచాలి. గాజులు, పట్టీలు, ముక్కుపుడక, చెవిపోగులు అన్నీ తీసివేయాలి; వాటి మీద టేపు అంటించి ఆడడాన్ని నియమాలు ఒప్పుకోవు. బతుకమ్మ సెలవుల తరువాత ఈ విషయంలో మరింత పట్టుదల కావాలి, ఎందుకంటే కొత్తగా వేసుకున్న గాజులు తీయమంటే ఇంటివారికే మనసొప్పదు. గోళ్లు కత్తిరించి ఉన్నాయో లేదో చూసి, జడను మడిచి మెత్తని రబ్బరు బ్యాండుతో కట్టించి, లోహపు క్లిప్పులు తీయించాలి.

జడ గురించి విడిగా చెప్పాలి. 2009 నవంబరులో అమెరికాలో విశ్వవిద్యాలయాల మహిళల మ్యాచ్ ఒకదానిలో న్యూ మెక్సికో జట్టు క్రీడాకారిణి బ్రిగమ్ యంగ్ జట్టు అమ్మాయిని జుట్టు పట్టి నేలకు లాగింది. ఆ వీడియో దేశదేశాలు తిరిగింది, జుట్టు లాగిన క్రీడాకారిణిని ఆమె జట్టే సస్పెండ్ చేసింది. జుట్టు లాగడం ఆటలో భాగమని ఏ సాకుతోనూ చెప్పలేము, అక్కడ బంతి ఉండదు. అలాంటి పని చేసిన మన అమ్మాయిని రిఫరీ చూడకపోయినా మనమే వెంటనే బయటికి పిలవాలి. కులం పేరు, తండా పేరు, ఒంటి రంగు ఎత్తి ఎదుటివారిని అవమానించినా అంతే. నియమాల ప్రకారం కూడా అవమానకరమైన మాట రెడ్ కార్డు తప్పు. మన దగ్గర కొందరు పెద్దవాళ్లు దీన్ని ‘పిల్లల మాటలు’ అని నవ్వి కొట్టిపారేస్తారు. ఆ మాట పడిన పిల్ల మరుసటి వారం గ్రౌండుకు రాకపోవడాన్ని వారు గమనించరు.

బయటికి పిలిచిన అమ్మాయి మీద అందరి ముందూ అరవకూడదు. నీళ్లు ఇచ్చి, రెండు నిమిషాలు ఊపిరి తీసుకోనిచ్చి, ఏమి జరిగిందో ఆమె నోటితోనే చెప్పించాలి. తిరుగు దెబ్బ తీసిన పిల్ల ‘ముందు ఆమే తన్నింది మేడం’ అంటుంది. అది నిజమే కావచ్చు. దాన్ని ఒప్పుకుంటూనే, రిఫరీ కంటికి మొదటి దెబ్బకన్నా రెండవ దెబ్బే ఎక్కువగా చిక్కుతుందని చెబితే నీతిబోధకన్నా త్వరగా బుర్రకెక్కుతుంది. స్థానిక పోటీలు నడిపేవారు పిల్లల మ్యాచ్‌లకు తాత్కాలిక బహిష్కరణ పద్ధతిని ముందుగా ప్రకటించి పెట్టుకోవచ్చు. మొత్తం ఆట సమయంలో 10 నుంచి 15 శాతం వరకు ఆ అమ్మాయి బయట కూర్చుంటుంది. అంటే 50 నిమిషాల మ్యాచ్‌లో ఐదు నుంచి ఏడున్నర నిమిషాలు. చాలాసార్లు అంతకన్నా పెద్ద శిక్ష అవసరం రాదు.

మన పోటీల్లో రిఫరీ తరచుగా పక్క పాఠశాల పీఈటీయే అయి ఉంటారు కాబట్టి, పక్షపాతమన్న గొడవ సులభంగా లేస్తుంది. యూరప్ దేశాల జట్లు ఆడే యూరో పోటీల్లో 2024లో పాటించినట్టు, రిఫరీతో కెప్టెన్ ఒక్కరే మాట్లాడాలన్న కట్టుబాటును మొదటి రోజే పెట్టాలి. కెప్టెన్ గోల్ కీపర్ అయితే మాట్లాడే బాధ్యత మరొకరికి అప్పగించాలి. కోచ్ కూడా నోరు కట్టుకోవాలి, ఇది అన్నిటికన్నా కష్టం.

తల్లిదండ్రులను, ఊరివాళ్లను గీతకు మూడు మీటర్ల దూరంలో తాడు కట్టి దాని వెనుక నిలబెట్టాలి. కబడ్డీ చూసిన కళ్లతో వారు ‘పట్టుకో, పట్టుకో’ అని కేకలు వేస్తారు, పిల్లలు నిజంగానే పట్టుకుంటారు. మ్యాచ్‌కు ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చప్పట్లు ఎంతైనా కొట్టవచ్చునని, ఏమి చేయాలో మాత్రం చెప్పవద్దని కోరితే చాలామంది వింటారు. వినని అన్నకో మామకో నీళ్ల బాటిళ్ల పని అప్పగించడం నాకు తెలిసిన మంచి ఉపాయం.

దెబ్బ తగిలినప్పుడు ఎదుటి జట్టు అమ్మాయి అయినా సరే, మన పిల్లలు బంతిని బయటికి తన్ని ఆపడం నేర్చుకోవాలి. తలకు దెబ్బ తగిలి తల తిరుగుతున్నదన్నా, మాట తడబడినా ఆ రోజు మళ్లీ ఆడనివ్వకుండా ఆసుపత్రికి పంపాలి. చీలమండ బెణికితే వెంటనే బామ్ రాసి మర్దన చేయడం మన అలవాటు. అలా చేయకుండా మంచును గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టి, కాలిని ఎత్తులో ఉంచాలి.

మ్యాచ్ ముగిసిన మరుక్షణమే కరచాలనానికి వరుసలో నిలబెట్టడం నాకు నచ్చదు. ఓడిన కోపం వేళ్లలోకి దిగుతుంది, గోళ్లు గుచ్చుతారు. ఐదు నిమిషాలు నీళ్లు తాగనిచ్చి, రెండు జట్లనూ కలిపి కూర్చోబెట్టి, ఎదుటి జట్టులో ఎవరి ఆట నచ్చిందో ఒక్కొక్కరినీ పేరు లేదా జెర్సీ నంబరుతో చెప్పమంటే కరచాలనం దానంతట అదే వస్తుంది. ఆ సాయంత్రమే ఎవరు ఏ నిమిషంలో, ఎక్కడ, ఎలా తప్పు చేశారో నోట్‌బుక్కులో రాసుకోవాలి. ఒకే అమ్మాయి పేరు మూడు మ్యాచ్‌ల్లో కనిపిస్తే సోమవారం ఆమెకు మళ్లీ టెన్నిస్ బంతులు ఇచ్చి, చదరంలో నడకతో మొదలుపెట్టించాలి.