స్కూల్ బ్యాండ్‌లో తప్పు వినిపిస్తే ఎక్కడ వెతకాలి?

కచేరీ దగ్గర పడేకొద్దీ బ్యాండ్ గదిలో 'సరిగ్గా వాయించండి' అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఏది సరిగ్గా లేదో చెప్పని మాట అది. దానితో పిల్లలకు టెన్షన్ పెరుగుతుంది, వాయించేది మాత్రం మారదు. తప్పు ఒకచోట వినిపించి, కారణం మరోచోట ఉండడం బృందవాద్యంలో మామూలే. అందుకే నేను వెతికే వరుస ఇది: ముందు వాయిద్యం, తర్వాత కూర్చున్న చోటు, ఆ తర్వాత ఎదురుగా ఉన్న స్వరాల కాగితం, అన్నిటికన్నా చివర వాయించే పిల్లలు. ఈ వరుస తిరగబడితే, అంచు చిట్లిన రీడ్‌తో (క్లారినెట్ లాంటి వాయిద్యాల్లో నోటి దగ్గర అదిరే పలచటి బద్ద) కుస్తీ పడుతున్న పాప తనకు సంగీతం రాదని నమ్మేస్తుంది. ఆ నమ్మకం ఒకసారి పడితే తీయడం చాలా కష్టం.

ట్యూన్ చేసినప్పుడు బాగానే ఉంది, పావుగంటకే శ్రుతి చెదిరింది

చాలావరకు ఇది వేడి చేసే పని. గాలితో మోగే వాయిద్యాల లోపల గాలి వెచ్చబడితే ధ్వని వేగం పెరుగుతుంది, శ్రుతి పైకి వెళ్తుంది. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని 100 సెంట్లు అంటారు. లోపలి గాలి 10 డిగ్రీలు వేడెక్కితే, లెక్క ప్రకారం శ్రుతి దాదాపు 30 సెంట్లు పెరుగుతుంది. చెవి సులువుగా పట్టేసే తేడా అది. వయొలిన్, సెల్లోల సంగతి దీనికి తలకిందులు. వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది. ఒకే హాల్లో ఒక వర్గం పైకి, ఇంకో వర్గం కిందికి పోతుంటే ఎవరి చెవినీ తప్పుపట్టడానికి లేదు.

ఫ్లూట్, క్లారినెట్, ట్రంపెట్ వాళ్లను కనీసం పది నిమిషాలు వాయించనిచ్చి, ఆ తర్వాత ట్యూన్ చేయించండి. చల్లటి వాయిద్యాన్ని ట్యూన్ చేయడం శుద్ధ దండగ. తీగ వాయిద్యాలను అరగంట ముందే వేదిక ఉన్న హాల్లోకి చేర్చండి. తెర వెనక ఎక్కువసేపు ఆగాల్సి వస్తే, శబ్దం రాకుండా వాయిద్యంలోకి వెచ్చటి ఊపిరి ఊదుతూ ఉండమనండి.

ట్యూనర్ సరే అంటోంది, కలిసి వాయిస్తే మాత్రం అపశ్రుతి

ఒక్క స్వరాన్ని సరిచేస్తే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకోవు. ప్రతి వాయిద్యానికీ తన స్వభావం ఉంటుంది. గట్టిగా ఊదితే ఫ్లూట్ శ్రుతి పెరుగుతుంది, క్లారినెట్ శ్రుతి దిగుతుంది. సన్నగా మొదలై పెద్దదయ్యే చోట ఈ రెండూ విడిపోతాయి. పాటలో అతి ముఖ్యమైన ఘట్టం తరచూ అదే కాబట్టి దెబ్బ అక్కడే తగులుతుంది.

దీనికి మందు చెవిలో ఉంది, ట్యూనర్ (శ్రుతిని కొలిచి చూపే పరికరం) తెరమీద సూదిలో లేదు. ఇద్దరిద్దరిని ఒకే స్వరం మీద నిలబెట్టండి. శ్రుతి కలవనప్పుడు శబ్దం అలలు అలలుగా ఊగుతుంది. ఒకరు 440 హెర్ట్జ్, ఇంకొకరు 442 హెర్ట్జ్ వాయిస్తుంటే సెకనుకు రెండు అలలు వినిపిస్తాయి. దగ్గరవుతున్నకొద్దీ అలలు నెమ్మదిస్తాయి, కలిసినప్పుడు ఆగిపోతాయి. పిల్లలు ఒకసారి ఈ అలలను వింటే చాలు, ఆ తర్వాత ట్యూనర్ కోసం వెతుక్కోరు. అదే స్వరాన్ని సన్నగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ తగ్గించేలా రోజూ కాసేపు సాధన చేయించండి. ఆర్కెస్ట్రాలు సాధారణంగా 'ఎ' స్వరానికి శ్రుతి చేసుకుంటాయి, గాలి వాయిద్యాల బ్యాండ్లు ఎక్కువగా 'బి ఫ్లాట్'కు చేసుకుంటాయి. మీది మిశ్రమ బృందమైతే రెండూ వినిపించండి.

శ్రుతి పూర్తిగా వికటిస్తే, అంటే అందరూ 'నేను సి వాయిస్తున్నా' అంటూ ఘోరంగా వినిపిస్తే, కాగితాలు చూడండి. మామూలు ట్రంపెట్, క్లారినెట్‌లలో రాసిన 'సి' మోగేటప్పుడు 'బి ఫ్లాట్' అవుతుంది. ఆల్టో సాక్సోఫోన్‌లో 'ఇ ఫ్లాట్', ఫ్రెంచ్ హార్న్‌లో 'ఎఫ్' అవుతుంది. ఎవరో పక్కవాళ్ల పేజీ తీసుకుని ఉంటారు. స్వరం పేరు చెప్పేటప్పుడు 'కాన్సర్ట్ పిచ్‌లో' (అంటే నిజంగా మోగే స్వరంలో) అని కలిపి చెప్పే అలవాటు చేసుకుంటే ఈ గొడవ సగం పోతుంది.

లయ పరుగెడుతోంది, లేదా వెనకబడుతోంది

శబ్దం పెరిగే చోట వేగం పెరుగుతుంది, తగ్గే చోట వేగం తగ్గుతుంది. తేలికైన భాగం పరుగెడుతుంది, కష్టమైన భాగం ఈడుస్తుంది. ఈ రెండు మాటలూ ఎదురుగా పెట్టుకుని వింటే లయ ఎక్కడ తప్పుతుందో ముందే ఊహించవచ్చు. మూలకారణం ఏమిటంటే పిల్లలు పెద్ద దెబ్బలనే (తాళంలో బీట్లనే) లెక్కపెడుతున్నారు, వాటి మధ్యనున్న చిన్న భాగాలను లోపల నడిపించుకోవడం లేదు.

మెట్రోనోమ్‌ను (లయ కొట్టి వినిపించే పరికరం) ప్రతి దెబ్బకూ కొట్టిస్తే పిల్లలు దాని మీద ఆనుకుంటారు. ఆ తోడును మెల్లగా తగ్గించండి. మొదట ప్రతి దెబ్బకూ, తర్వాత బార్‌కు (కొన్ని దెబ్బలు కలిసిన ఒక ఆవర్తం) ఒకసారి, ఆపైన రెండు బార్లకు ఒకసారి. మరో పద్ధతి: నాలుగు బార్లు వాయించి, నాలుగు బార్లు మనసులోనే లెక్కపెట్టి, మళ్లీ అందరూ ఒకేసారి అందుకోవాలి. ఎవరు ముందొచ్చారో, ఎవరు వెనకొచ్చారో ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్లకే తెలిసిపోతుంది.

వెనక వరుస ఎప్పుడూ ఆలస్యమవుతుంటే తప్పు లయది కాకపోవచ్చు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 10 మీటర్ల దూరం దాటడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. మైదానంలో మార్చింగ్ బ్యాండ్ 30 మీటర్ల వరకు పరుచుకుంటే అది 87 మిల్లీసెకన్లు అవుతుంది. వెనకవాళ్లు ముందువరుసను విని వాయిస్తే, ప్రేక్షకులకు చేరేటప్పటికి ఆ ఆలస్యం రెట్టింపవుతుంది. అందుకే మైదానంలో వెనకనున్న డ్రమ్స్ వాళ్లు నడిపించేవారి చేతులు చూసి వాయించాలి, ముందువాళ్లు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని విని వాయించాలి. చిన్న హాల్లో ఇంత పట్టింపు అక్కర్లేదు. డ్రమ్స్‌ను, బేస్ వాయిద్యాలను దగ్గర దగ్గరగా కూర్చోబెడితే సరిపోతుంది.

అసలు రాగం వినిపించడం లేదు

రాగం, అంటే పాటలోని ప్రధాన బాణీ, వాయించేవాళ్లను 'ఇంకా గట్టిగా' అనడం అందరికీ తోచే పరిష్కారం. ఫ్లూట్ కింది స్థాయిలో ఎంత ఊదినా శబ్దం పెద్దగా రాదు, బలవంతం చేస్తే స్వరం చెడుతుంది. మిగతావాళ్లను తగ్గించండి. తోడు వాయించేవాళ్లకు ఒకటే నియమం చాలు: పక్కన రాగం వినిపించకపోతే నువ్వు ఎక్కువ వాయిస్తున్నట్టు.

టీచర్ నిలబడే చోట వినిపించేదీ, చివరి వరుసలో వినిపించేదీ ఒకటి కాదు. ఒకసారి పిల్లలను వాళ్లంతట వాళ్లు వాయించుకోనిచ్చి, మీరు హాలు చివరికి నడిచి వెళ్లి వినండి. డ్రమ్స్ గది మూలలో ఉంటే గోడలు వాటి శబ్దాన్ని పెంచుతాయి, ముందుకు జరపండి.

ఇక్కడ చెవుల ఆరోగ్యం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య జాతీయ సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటల వరకు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది, 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో పూర్తి బ్యాండ్ ఆ స్థాయిని అందుకోవడం కష్టమేమీ కాదు. డ్రమ్స్ వాళ్లకు, ట్రంపెట్ల ముందు కూర్చునేవాళ్లకు సంగీతకారుల ఇయర్‌ప్లగ్స్ ఇప్పించండి. రిహార్సల్ అయ్యాక చెవిలో గుయ్‌మంటోందని ఏ పిల్లవాడైనా చెబితే అది తీసిపారేసే మాట కాదు.

వాయిద్యమే మొరాయిస్తోంది

క్లారినెట్ కీచుమంటే ముందు రీడ్ అంచు చూడండి, తర్వాత వేళ్లు రంధ్రాలను పూర్తిగా మూస్తున్నాయో లేదో, ఆ తర్వాత మౌత్‌పీస్ నోట్లోకి మరీ లోపలికి పోతోందా అన్నది. మూడు నాలుగు రీడ్‌లను రోజుకొకటి మార్చి వాడితే అన్నీ ఎక్కువకాలం నిలుస్తాయి. బాగా వాయించే ఇంకో విద్యార్థి తన మౌత్‌పీస్ పెట్టి ఊదినా కీచుమంటే, ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ల) నుంచి గాలి కారుతోంది. అది రిపేర్ చేసేవాళ్ల పని.

ప్యాడ్‌లు అంటుకుంటుంటే పలచటి కాగితం ముక్కను కింద పెట్టి మెల్లగా నొక్కి వదలాలి. నొక్కి ఉంచి లాగితే ప్యాడ్ చిరుగుతుంది. తీపి తిని నేరుగా వాయించడమే చాలాసార్లు దీనికి కారణం, నోరు పుక్కిలించాక వాయించమనండి. ట్రంపెట్ వాల్వ్ (వేలితో నొక్కే మీట) నెమ్మదిగా లేస్తుంటే తుడిచి వాల్వ్ ఆయిల్ వేయాలి. గాలి అసలు దూరకపోతే వాల్వ్‌లు తారుమారయ్యాయి లేదా తిరిగి కూర్చున్నాయి. వాటి మీద అంకెలుంటాయి, సరిచూసుకోండి. ఇరుక్కుపోయిన మౌత్‌పీస్‌ను కటింగ్ ప్లేయర్‌తో తీయడానికి చూడకండి, గొట్టం మెలితిరిగిపోతుంది. దానికోసమే ఒక పనిముట్టు దొరుకుతుంది.

వయొలిన్ బిరడా (తీగను బిగించే మర) జారుతుంటే తిప్పేటప్పుడు కాస్త లోపలికి నొక్కాలి, అయినా జారితే బిరడాల పేస్టు రాయాలి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగానే మార్చండి. అన్నీ ఒకేసారి తీస్తే బ్రిడ్జి (తీగలను ఎత్తి పట్టే చెక్క) పడిపోతుంది, లోపలి చిన్న కర్ర కూడా కూలవచ్చు. కొత్త రోజిన్ (కమాను వెంట్రుకలకు రుద్దే గట్టి జిగురు) కమానుకు పట్టకపోతే దాని నునుపు పైపొరను సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా గీయండి.

కొందరు వాయిస్తున్నట్టు కనిపిస్తారు, వినిపించరు

ఈ సమస్య టీచర్‌కు చివరగా తెలుస్తుంది. పక్కవాళ్ల శబ్దం వెనక దాక్కోవడం బద్ధకం కాదు. ఆ భాగం తమ స్థాయికి మించినదని అలా దాక్కునేవాళ్లకు ముందే తెలుసు, అడగడానికి భయం. అందరిముందూ ఒంటరిగా వాయించమంటే ఆ భయం ముదురుతుంది.

ఆ పేజీని తేలిక చేసి ఇవ్వండి. ప్రతి బార్‌లో మొదటి స్వరం మాత్రమే వాయిస్తే చాలని పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అవి కుదిరాక మిగతా స్వరాలను కొన్నికొన్నిగా కలపండి. బాగా వాయించేవాళ్లందరినీ ముందు వరుసలో పోగేయకుండా, కష్టపడేవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఎలా వచ్చిందో వినడానికి ఇంట్లో రికార్డ్ చేసి పంపమనండి, మార్కుల కోసం మాత్రం వద్దు.

రిహార్సల్‌లో బాగుంది, వేదిక మీద కూలిపోయింది

ప్రతిసారీ మొదటి బార్ నుంచే మొదలుపెట్టడం వల్ల మొదటి పేజీ గట్టిగా, చివరి పేజీ వదులుగా తయారవుతుంది. కొన్ని రోజులు చివరి భాగంతో రిహార్సల్ మొదలుపెట్టండి. ఇంకో కారణం, తప్పు రాగానే ఆగడం అలవాటైపోవడం. ఆగకుండా కొనసాగించడం కూడా నేర్పాల్సిన విద్యే. చివరి వారాల్లో రోజుకొకసారైనా ఏం జరిగినా ఆగకుండా మొత్తం వాయించండి.

కచేరీ రోజున పెదవులు అలసి ట్రంపెట్ వాళ్లకు పై స్వరాలు రాకపోతే, ఉదయం రిహార్సల్‌లోనే శక్తి అయిపోయిందన్నమాట. ఆ రోజు మొదళ్లు, ముగింపులు, మలుపులు మాత్రం సగం శబ్దంతో చూసుకుని వదిలేయండి. చేతులు వణికితే ఊపిరి పీల్చడం కన్నా నెమ్మదిగా వదలడం మీద దృష్టి పెట్టమనండి. మొదటి పాటగా అందరికీ చేతికి వచ్చినదాన్నే పెట్టండి.

మధ్యలో చెదిరిపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. డ్రమ్స్, బేస్ ఆగకూడదు. మిగతావాళ్లు వాయించడం ఆపి, టీచర్ చూపించే రిహార్సల్ అక్షరం (కాగితంలో భాగాలకు గుర్తుగా రాసే అక్షరం) దగ్గర అందుకోవాలి. కచేరీకి ముందు ఒకసారి కావాలనే చెదరగొట్టి, ఇలా అందుకోవడం సాధన చేయించండి.