మూడేళ్లు ఖాళీగా ఉన్నాక సేల్స్ ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలి?

"ఇన్నేళ్లు ఏం చేసినావు?" అని ఏజెన్సీ ఓనర్ అడగ్గానే మనకు గొంతు తడారిపోతుంది. ఆ ప్రశ్న వెనక ఆయన భయం ఇంకొకటి ఉంది: రేపు ఏదో నోటిఫికేషన్ పడితే వీడు నా లైను (సేల్స్‌మన్ ఆర్డర్ల కోసం తిరిగే కొట్ల వరస) మధ్యలో వదిలేసి పోతాడా? ఈ సంగతి నాకు కర్నూలులో మూడు ఇంటర్వ్యూలు పోయాకగానీ తెలియలేదు.

డిగ్రీ అయ్యాక మూడేళ్లకు పైగా రూము తీసుకుని గ్రూప్స్‌కూ బ్యాంకు పరీక్షలకూ చదివాను. గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది, నా కథ అక్కడితో ఆగింది. గట్టెక్కిన రూమ్మేట్‌కు మెయిన్స్ జరిగేసరికి 2025 ఫిబ్రవరి 23 వచ్చింది. అప్పటికి నేను బండి మీద కొట్లు తిరగడం మొదలుపెట్టి పది నెలలు.

ముందు ఏ సేల్స్ అన్నది తేల్చుకోండి

షోరూముల్లో దసరా, దీపావళి, రంజాన్‌కు ముందు మనుషుల్ని తీసుకుంటారు, పండగ అయ్యాక ఎంతమందిని ఉంచుతారో చెప్పలేం. విత్తనాలు, పురుగుమందుల కంపెనీలకు ఖరీఫ్ ముందు ఊళ్లు తిరిగేవాళ్లు కావాలి, అది చాలావరకు సీజన్ పని. ఇన్సూరెన్స్ ఏజెంటుకు జీతం ఉండదు, కమీషనే. ఇంట్లో వచ్చే నెల అద్దెకు డబ్బుల్లేనివాళ్లు దాన్ని నమ్ముకుని దిగొద్దు.

గ్యాప్ ఉన్నవాళ్లకు కాస్త తొందరగా తెరుచుకునే తలుపు డిస్ట్రిబ్యూటర్ ఏజెన్సీ. సబ్బులు, బిస్కెట్లు, నూనెలు కిరాణా కొట్లకు వేసే ఏజెన్సీలన్నమాట. సేల్స్‌మన్ వారం రాకపోతే ఆ లైను పక్క కంపెనీవాడు ఎత్తుకుపోతాడు కాబట్టి ఓనర్ తనే చూసి, తనే మాట్లాడి తీసుకుంటాడు.

బండి, లైసెన్సు

మొదట అడిగేది ఇదే. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాక 30 రోజులు ఆగితేగానీ పర్మనెంట్ లైసెన్సు టెస్టుకు పోలేం. అందుకే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టిన రోజే అప్లై చేయండి.

అడగకముందే ఒకరోజు లైను తిరగండి

నన్ను గట్టున పడేసింది ఇదే. మీ వీధి కిరాణా కొట్టు అన్నను అడగండి, ఏ కంపెనీ సేల్స్‌మన్ ఏ రోజు వస్తాడో చెప్తాడు. ఆ రోజు పోయి, "అన్నా, ఒక్కరోజు మీతో తిరుగుతాను, పని చూసుకుంటాను" అని అడగండి. నాకు ఇద్దరు కాదన్నారు, మూడో ఆయన కోడుమూరు లైనుకు తీసుకుపోయాడు. టీలు, టిఫిను ఖర్చు నాదే.

కొట్టులోకి పోయాక ఆర్డర్ పుస్తకం ఎప్పుడు తీస్తున్నాడో చూడండి. అనుభవమున్నవాడు ముందు పాత సరుకు ఎంత మిగిలిందో కళ్లతో లెక్కేస్తాడు, తర్వాత పాత బాకీ అడుగుతాడు, కొత్త స్కీము, అంటే ఇన్ని కొంటే ఇంత ఫ్రీ లాంటి ఆఫర్, ఆ మాట చివర్లో. నేనైతే పోగానే స్కీము చెప్పేవాణ్ని.

ఊళ్ల సంగతులు కూడా రాసుకోండి. మిరపకోతల కాలంలో కోసిగి, కౌతాళం వైపు కుటుంబాలు గుంటూరుకు వలస పోతాయి. ఊళ్లో మనుషులే లేనప్పుడు షాంపూ ప్యాకెట్లు ఎవరు కొంటారు? ఆ నెలల్లో అక్కడ టార్గెట్ పెట్టే కంపెనీవాళ్లకు ఇది తెలియకపోవచ్చు, ఓనర్‌కు బాగా తెలుసు. ఇంటర్వ్యూలో నేను ఈ మాట ఎత్తగానే ఆయన నా కాగితం పక్కనపెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పాతబస్తీ కొట్లలో ఉర్దూ, ఆలూరు వైపు కన్నడం నాలుగు ముక్కలు వచ్చినా చెప్పుకోండి.

లెక్కలు

"డజను కొంటే ఒకటి ఫ్రీ. కొట్టాయనకు ఎంత శాతం తగ్గినట్టు?" అని అడిగారు నన్ను. ఠక్కున 8.33 అన్నాను. తప్పు. 13 వస్తువులకు 12 వాటి డబ్బే కట్టాడు కాబట్టి తగ్గింది 13లో ఒక వంతు, అంటే సుమారు 7.7 శాతం. ఇంకొకటి: 88కి కొని 100కి అమ్మితే అమ్మకం ధర మీద లాభం 12 శాతం, పెట్టిన డబ్బు మీద 13.6. ఎదుటివాళ్లు దేని మీద చెబుతున్నారో అడిగి తెలుసుకున్నాకే మాట్లాడండి. మూడేళ్లు ఆప్టిట్యూడ్ చేసినవాళ్లకు ఇదేం కష్టం కాదు, ఆ చదువు పనికొచ్చేది ఇక్కడే.

గ్యాప్ గురించి అడిగితే

రెజ్యూమెలో ఒక్క లైను చాలు: ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏ పరీక్షలకు చదివారో. ఫ్రెండ్ షాపులో పనిచేశానని రాయకండి. కర్నూలులో వ్యాపారులందరూ ఒకరికొకరు తెలుసు, ఒక్క ఫోనుతో బయటపడుతుంది. నేను చెప్పింది ఇది:

"సార్, మూడేళ్లు గ్రూప్స్‌కు చదివినాను, రాలేదు. ఇంక రాయను. పోయిన గురువారం కోడుమూరు లైను తిరిగినాను, అక్కడ ఆరు కొట్లల్లో మీ సరుకు లేదు."

ఇంకా పరీక్షలు రాసే ఆలోచన ఉంటే దాచకండి. "ఏడాది ఖచ్చితంగా ఉంటాను" అనండి. సేల్స్‌లో ఏడాది నిలిచేవాడు దొరకడమే గొప్ప అనుకునే ఓనర్లు చాలామంది.

ఖాళీలు ఎక్కడున్నాయో ఎక్కువగా తెలిసేది సేల్స్‌మన్ల దగ్గరే. కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్లో రిజిస్ట్రేషన్ ఉచితం, పేరు పెట్టుకోండి. జాబ్‌మేళాలకూ పోండి, కానీ వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

సరే అనేముందు

జీతం ఎంత అన్నది అందరూ అడుగుతారు. పెట్రోలు డబ్బు విడిగా ఇస్తారా, టార్గెట్‌లో 90 శాతం చేస్తే ఇన్సెంటివ్ కొంతైనా వస్తుందా, ఎక్స్‌పైరీ సరుకు ఎవరు వెనక్కి తీసుకుంటారు, ఇవి కూడా అడగండి. 20 మంది కంటే తక్కువ పనిచేసే చోట పీఎఫ్ తప్పనిసరి కాదు, ఉందో లేదో ముందే తెలుసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, కొట్టువాడు బాకీ ఎగ్గొడితే ఆ డబ్బు ఎవరి నెత్తిన పడుతుంది? నా మొదటి ఏజెన్సీలో ఇది అడగలేదు. రెండో నెల జీతంలో 1,400 కోసేశారు.

డిపాజిట్ కట్టమన్నా, మీ కింద ఇద్దర్ని చేర్పించమన్నా లేచి వచ్చేయండి. మనుషుల్ని చేర్పించి డబ్బు తిప్పే స్కీములను 1978 చట్టం నిషేధించింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి, జిరాక్సులు ఇచ్చి రండి.