భీమిలి మొగను ఉపగ్రహం నుంచి కొలవాలంటే

గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. వానలకు వెడల్పవుతుంది, ఏరు తగ్గాక ఇసుక మేట వేసి సన్నబడుతుంది. భీమిలిలో ఇది అందరికీ తెలిసిందే. ఎంత జరిగింది, ఏ వైపు జరిగింది అని లెక్క కట్టేవాళ్లే తక్కువ. నేను డిగ్రీ కాలేజీలో జాగ్రఫీ చెప్తాను. ప్రాజెక్టు కోసం వచ్చే పిల్లలకు చూపించే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. పైసా ఖర్చు లేదు. ల్యాప్‌టాప్, నెట్, కాస్త ఓపిక ఉంటే చాలు.

యూరప్ వాళ్ల ఉపగ్రహ చిత్రాలు దొరికే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, భీమునిపట్నం (భీమిలి) వెతికి, సెంటినెల్-2 ఉపగ్రహాల ఎల్2ఎ చిత్రాలు (గాలి వల్ల వచ్చే మసకను సవరించినవి) ఎంచుకోండి. 2017 నుంచి రెండు ఉపగ్రహాలు కలిసి దాదాపు ఐదు రోజులకోసారి మన మీదుగా వెళ్తున్నాయి. ఒక పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్లు. మబ్బుల శాతం పెట్టే మీటను మాత్రం నమ్మకండి. ఆ శాతం నూరు కిలోమీటర్లకు పైగా ఉండే చిత్రం ముక్క మొత్తానిది. ఎక్కడో కొండల మీద మబ్బు పట్టినా, ఒడ్డు శుభ్రంగా ఉన్న చిత్రాన్ని అది పక్కన పడేస్తుంది. కంటితో చూసి ఏరుకోవడమే మేలు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చేపల వేటకు వెళ్లే మా బావకు ఓసారి స్క్రీన్ మీద రెండు చిత్రాలు చూపిస్తే, "పాటు మీద చూస్తే దిబ్బే, పోటు మీద చూస్తే నీళ్లే. నీ ఫొటో ఏ వేళదో ముందు చెప్పు" అన్నాడు. పుస్తకాల్లో నాలుగు పేజీలు నడిచే సంగతి అది. సెంటినెల్-2 మన ఒడ్డు మీదుగా ఎప్పుడూ ఉదయం పదిన్నర ప్రాంతంలోనే వెళ్తుంది. కానీ ఆ వేళకు నీటిమట్టం తిథిని బట్టి మారిపోతుంది. తీరం వాలు ఇరవైకి ఒకటి అనుకుందాం. నీటిమట్టం ఒక మీటరు తేడా ఉంటే నీటి అంచు 20 మీటర్లు జరుగుతుంది. అంటే రెండు పిక్సెళ్లు! ఒక్క రేణువు కూడా కోతకు పోకుండానే "తీరం కోసుకుపోయింది" అని రిపోర్టు రాసేయొచ్చు. అందుకే సర్వే ఆఫ్ ఇండియా పోటుపాట్ల పట్టికలో విశాఖ పేజీ తీసి, ప్రతి చిత్రం తేదీకి ఆ వేళ మట్టం రాసుకోండి. మట్టాలు దగ్గరగా ఉన్నవాటినే పోల్చండి. నెల కూడా ఒకటే కావాలి. నైరుతి కాలపు అలలు ఒడ్డును కోస్తాయి, సముద్రం నెమ్మదించాక ఇసుక తిరిగి చేరుతుంది. ఫిబ్రవరిని ఫిబ్రవరితో చూడాలి గానీ ఆగస్టుతో కాదు.

నీరు ఎక్కడ ఆగిందో తేల్చడానికి, చిత్రాలు దించుకుని, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పిక్సెళ్ల అంకెలతో లెక్కలు చేసే రాస్టర్ కాలిక్యులేటర్ తెరవండి. ఒక్కో రకం కాంతిని విడిగా పట్టిన పొరను బ్యాండు అంటారు. ఆకుపచ్చ బ్యాండు 3లోంచి పరారుణ బ్యాండు 8ని తీసేసి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగించండి. సున్నాకు పైన నీరు, కింద నేల అని మొదలుపెట్టి, మీ చిత్రానికి తగ్గట్టు కొంచెం అటూ ఇటూ జరపండి. బురదనీరు పరారుణాన్ని వెనక్కి పంపుతుంది కాబట్టి మొగలో నీరే నేలలా కనబడవచ్చు. అప్పుడు బ్యాండు 8 బదులు బ్యాండు 11 వాడండి. బొమ్మ 20 మీటర్లకు మొద్దుబారుతుంది, అయినా మోసం తగ్గుతుంది. అలల నురగ కూడా నేలగా పడుతుంది, దాన్ని చేత్తో దిద్దక తప్పదు. ఆ తర్వాత నీటికీ నేలకూ మధ్య అంచు గీత (కాంటూర్) గీయించి, ఒడ్డుకు అడ్డంగా 50 మీటర్లకో గీత వేసి దూరాలు కొలవండి. పది మీటర్ల లోపు తేడాను మార్పు అనకండి.

ఒండ్రు సంగతికొస్తే, నీళ్లలో మట్టి పెరిగేకొద్దీ ఎరుపు బ్యాండు 4 వెలుగు పెరుగుతుంది. మట్టి మరీ ఎక్కువైతే ఆ పెరుగుదల ఆగిపోతుంది, అక్కడ బ్యాండు 8 పనికొస్తుంది. 2022 జనవరి 25 తర్వాతి ఫైళ్లలో ప్రతి అంకెకూ 1000 కలిపి ఉంటుంది. అది తీసేయకపోతే ఆ రోజు నుంచి సముద్రం ఒక్కసారిగా బురదైనట్టు గ్రాఫ్ లేస్తుంది! ఎండాకాలంలో నీటి మీద సూర్యుడి తళుకు కూడా బురదలాగే నటిస్తుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర వాన తర్వాత కనిపించే ఎరుపును గోస్తనీ ఖాతాలో వేయకండి. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాలంటే మాత్రం ఉపగ్రహం దాటే రోజునే పడవలో వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టి, వడపోసి, ఆరబెట్టి తూచాలి. లేదంటే ఎక్కువ, తక్కువ అని ఆగండి.

పాతకాలానికి అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు ఉన్నాయి. 1984 నుంచి 30 మీటర్ల చిత్రాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు సెంటినెల్-2 ఇంకా పైకి వెళ్లలేదు, అందుకే తుపానుకు ముందూ వెనకా చూడాలంటే ల్యాండ్‌శాట్ 8 చిత్రాలు వాడండి. ఇదే పద్ధతి విశాఖ ఆర్కే బీచ్‌కు వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. పోర్టు వాళ్లు సముద్రం అడుగు నుంచి తవ్వి తీసిన (డ్రెడ్జింగ్) ఇసుకను అక్కడ తీరానికి పోస్తుంటారు. ఒడ్డు పెరిగినట్టు కనబడితే పోసిన తేదీలు కనుక్కుని, మీ పట్టికలో పోటుమట్టం పక్కనే ఇంకో గడి పెట్టి రాసుకోండి.