గచ్చు పగుళ్లలో చీమలా? పుట్ట లోపలికి మందు పంపండి

తిరుపతిలో మా ఇంటి ముందు సిమెంటు గచ్చు పగుళ్ల పక్కన తెల్లారేసరికి సన్నటి మట్టి కుప్పలు కనబడేవి, ఊడ్చినా మర్నాడు మళ్లీ అంతే. మూడు మిల్లీమీటర్ల ముదురు రంగు చీమ, నడుముకి రెండు ముడులు, తలమీద సన్నటి గీతలు (భూతద్దం కావాలి లెండి) ఉంటే గచ్చు చీమే అనుకోవచ్చు. బారు మీద స్ప్రే కొట్టకండి, బయట తిరిగేవే చస్తాయి, రాణి లోపల గుడ్లు పెడుతూనే ఉంటుంది. పావు లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద స్పూన్ల చక్కెర, అర టీస్పూను బోరిక్ యాసిడ్ పొడి కరిగించి, అందులో దూది ముంచి బారు పక్కన పెట్టండి. పొడి ఎక్కువైతే గూటికి చేరకముందే చస్తాయి, అప్పుడు లాభం లేదు. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. పిల్లలకీ కుక్కలకీ అందనివ్వకండి. చీమలు తగ్గాక పగుళ్లు సిమెంటుతో పూడ్చేయండి. కొండ నుంచి తెచ్చిన లడ్డూ మాత్రం మూత గట్టిగా పట్టే డబ్బాలోనే పెట్టండి.