అమెరికాలో కొత్తగా దిగి మైకు కొన్నవాళ్లకు, బెజవాడ నుంచి కొన్ని మాటలు

గవర్నర్‌పేటలో కూర్చుని, అమెరికా వెళ్లినవాళ్లు పంపే ఆడియోలు ఎడిట్ చేయడం నా పని. కథలు చదివేవాళ్లు, పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పేవాళ్లు, యూట్యూబ్ వాళ్లు, ఎక్కువమంది మన విజయవాడ, గుంటూరు వాళ్లే. "ఇక్కడ హారన్లు లేవు, ఆటోలు లేవు, చాలా ప్రశాంతంగా ఉందండీ" అంటారు. ఫైలు తెరిస్తే మాట బావిలోంచి వస్తున్నట్టుంటుంది.

ఇక్కడ ఏలూరు రోడ్డు గోల బయటినుంచి వచ్చేది, తలుపులూ కిటికీలూ మూసుకుంటే కొంత ఆగేది. అక్కడ గోల మీ గదిలోనే ఉంది. ఒక పరుపు, రెండు సూట్‌కేసులు తప్ప ఏమీ లేని ఇంట్లో మీ గొంతే ఖాళీ గోడలకు తగిలి తిరిగొచ్చి మైకులో పడుతుంది, ఫ్యాను చప్పుడైతే ఎడిటింగ్‌లో చాలావరకు తీసేయొచ్చుగానీ ఈ ప్రతిధ్వని మాటలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని విడదీయడం చాలా కష్టం.

అందుకే హాల్లో రికార్డు చేయకండి. బట్టలు వేలాడే క్లోజెట్ ఉంటే అదే మీ స్టూడియో. లేకపోతే మందపాటి కంఫర్టర్ (బొంత) ఒకటి మీ వీపు వెనక వేలాడదీయండి. చాలామంది మైకు వెనక కడతారు, కానీ కార్డియాయిడ్ అనే రకం మైకు ఎదురుగా వచ్చేదాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది, దానికి ఎదురుగా ఉన్నది మీరూ, మీ వెనక గోడా. పల్చటి ఫోమ్ ముక్కలు కొని గోడకు అంటించడం మాత్రం దండగ. అవి కీచు శబ్దాలను కాస్త పీల్చుకుంటాయి, పక్కింటి టీవీని ఏమాత్రం ఆపలేవు.

ఇంతకన్నా ముఖ్యమైనది, పైసా ఖర్చు లేనిది, దూరం. మైకును అడుగు దూరం నుంచి అరడుగుకు తెస్తే మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది చప్పుడు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది, అప్పుడు గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే సెట్టింగ్) తగ్గించుకుంటే గది కూడా తగ్గిపోతుంది. అంత దగ్గరైతే ప, భ లాంటివి పలికినప్పుడు గాలి దెబ్బ తగులుతుంది కాబట్టి మైకును నోటికి కాస్త పక్కగా పెట్టండి.

ఇక యంత్రాలు. హీటింగ్, ఏసీ గాలి వెంట్‌లోంచి వస్తూ ఉంటుంది, కొన్నాళ్లకు మీ చెవికి అలవాటైపోతుంది, మైకుకు కాదు. రికార్డింగ్ సేపు థర్మోస్టాట్‌లో ఆపి, అవ్వగానే మళ్లీ వేయండి. గడ్డకట్టే చలిలో ఎక్కువసేపు ఆపేస్తే నీళ్ల పైపులు పగలొచ్చు, అదో కొత్త టెన్షన్. ఉండుండి ఒక్కసారి కిచ్‌మంటుంటే అది పిట్ట కాదు, పైన ఉన్న స్మోక్ అలారంలో బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం. పీకి పక్కన పెట్టకండి, లీజింగ్ ఆఫీసుకు (అపార్ట్‌మెంటు అద్దెకిచ్చేవాళ్ల ఆఫీసు) చెబితే చూస్తారు. చెక్క ఫ్రేముతో కట్టిన బిల్డింగుల్లో పైవాళ్ల అడుగులు దడదడమని వినిపిస్తాయి. దానికి వాళ్లు లేని సమయం చూసుకోవడం తప్ప మందు లేదు.

సన్నగా గుయ్‌మంటూ హమ్ వస్తుంటే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. అప్పటికీ పోకపోతే ఫిల్టర్‌తో తీయాలి. ఆ హమ్ కరెంటు నుంచి వచ్చేదే, ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్, అక్కడ 60. ఇక్కడి వీడియోలు చూసి 50 దగ్గర ఫిల్టర్ పెడితే ఏమీ పోదు, 60 దగ్గరా, దాని గుణిజాలు 120, 180 దగ్గరా తగ్గించాలి.

మొదలుపెట్టేముందు పది సెకన్లు ఊపిరి బిగబట్టినట్టు ఊరుకుని ఖాళీ గదిని రికార్డు చేయండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించడానికి ఆ ముక్కే నమూనా. మరీ గట్టిగా వాడితే గొంతులో జీవం పోతుంది.

పుస్తకమంతా చదివేసి పంపకండి. ముందు ఒక్క నిమిషం, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా కాకుండా వేవ్ (WAV) ఫైలుగా పంపండి. వేసవిలో న్యూయార్క్‌లో పొద్దున 7 అంటే ఇక్కడ సాయంత్రం 4:30, ఆ రాత్రికే విని ఏం మార్చాలో చెప్పేయొచ్చు.