ఎండలు ముదురుతున్నాయి, బీపీ బిళ్లలు మాత్రం మానకండి

సత్యనారాయణపురంలో మా వీధి చివర ఉండే బాబాయిగారికి పోయిన వారం తెల్లారేసరికి మూతి వంకరపోయింది, కుడి చెయ్యి లేవలేదు, పక్షవాతం. 72 ఏళ్లు. పది రోజుల ముందు మెడికల్ షాపులో చూపించుకుంటే 120/80 వచ్చిందట, తగ్గిపోయింది కదా అని ఇంట్లో కూడా చెప్పకుండా బిళ్లలు ఆపేశారు.

ఉప్పు తగ్గించండి, నడవండి అని అందరూ చెప్పేదే, నేను మళ్లీ చెప్పను. బిళ్లలు సొంతంగా మానకండి. ఆ 120/80 వచ్చిందే బిళ్ల వేసుకోబట్టి. ఆపితే మెల్లగా మళ్లీ పెరుగుతుంది, పైకి తలనొప్పి కూడా ఉండకపోవచ్చు. అటెనోలాల్, మెటోప్రొలాల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండెకే ముప్పు.

మన బెజవాడ ఎండకి చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గితే పెద్దవాళ్లకి బీపీ నిజంగానే పడిపోతుంది, మూత్రం ఎక్కువగా పోయే బిళ్ల వాడేవాళ్లకి మరీను. మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతాయి, తూలి పడతారు. అప్పుడు కూడా మీకు మీరే మానకండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఇంకోసారి బీపీ చూసి రాసుకోండి. కూర్చున్నప్పటికంటే పై అంకె 20 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే అదే రోజు డాక్టరుకి చూపించండి, డోసు తగ్గించాలో మార్చాలో ఆయన చెబుతారు. వాంతులు, విరేచనాలు అయినా అదే రోజు ఫోన్ చెయ్యండి.

మజ్జిగలో ఉప్పు వెయ్యొద్దు. కొత్తావకాయ రెండు పూటలా వద్దు. మామూలు దాహానికి ఓఆర్‌ఎస్ తాగొద్దు, అందులోనూ ఉప్పుంటుంది. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని మింగొద్దు, బీపీ పెంచుతాయి, నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. నిన్నటిది మర్చిపోయారని ఇవాళ రెండు వెయ్యొద్దు. పక్కింటివాళ్ల బిళ్ల వద్దు. అమ్మవారి కొండకి వెళ్లే రోజు ఉపవాసమని బిళ్ల మానొద్దు. ఊరెళ్తే బిళ్లలు చేతిసంచిలోనే ఉండాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108. నీళ్లు తాగించొద్దు, నాలుక కింద బీపీ బిళ్ల పెట్టొద్దు. టైము చూసుకోండి, మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. నిద్రలో పక్షవాతం వచ్చి ఉంటే చివరిసారి ఎప్పుడు బాగున్నారో డాక్టరుకి చెప్పాలి. బాబాయిగారు రాత్రి ఎన్నింటిదాకా బాగున్నారో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.