కొవ్వు కరిగిస్తూనే పిరుదుల కండ పెంచుకోవడం ఎలా

"అక్కా, నడుమూ తొడలూ తగ్గాలి, వెనక మాత్రం తగ్గకూడదు." ఆడవాళ్ళకి బరువుల వ్యాయామం నేర్పే నాకు ఈ మాట వినపడని వారం ఉండదు. కోరడంలో తప్పేమీ లేదు. కాకపోతే కొవ్వు ఎక్కడ నుంచి కరగాలో మన చేతిలో లేదు. పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట కొవ్వూ, తొడ వ్యాయామం చేస్తే తొడ కొవ్వూ పోవు. శరీరం తన వరసలో తను తీసుకుంటుంది. ఆడవాళ్ళలో చాలామందికి తుంటి, తొడల దగ్గరి కొవ్వు ఆఖర్న కదులుతుంది.

మన చేతిలో ఉన్నది కండ. వెనక కనపడే ఆకారం అంటే పైన కొంత కొవ్వు, దాని కింద కండరం. బరువు తగ్గుతుంటే పై పొర పలచబడుతుంది. కింద కండ లేకపోతే ప్యాంటు వెనక వదులుగా వేలాడుతుంది. అందుకే కొవ్వు తగ్గించే పని తిండికి వదిలేసి, వ్యాయామాన్ని పూర్తిగా కండ కోసం వాడమంటాను. ఈ రెండు పనులూ కలిపేసి, సన్నబడాలి కాబట్టి తేలిక బరువులతో చెమట పట్టేదాకా ఎగరడం దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. తిండి తగ్గించిన రోజుల్లో శరీరం వాడని కండని పోషించదు. బరువు ఎత్తుతూనే ఉంటే, ఇది అవసరమే అని ఉంచుకుంటుంది.

వ్యాయామం మొదలుపెట్టి ఎక్కువ కాలం కానివాళ్ళకీ, ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉన్నవాళ్ళకీ ఒకేసారి కొవ్వు తగ్గి కండ పెరగడం బాగానే జరుగుతుంది. ఏళ్ళ తరబడి బరువులెత్తి ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్ళకి అది కష్టం. వాళ్ళు ఉన్న కండ పోకుండా కాపాడుకుంటే చాలు.

ఇక్కడ మూడు కండరాలున్నాయి. గ్లూటియస్ మాక్సిమస్ మన ఒంట్లోకెల్లా పెద్ద కండరం. కూర్చున్నచోటి నుంచి లేచినా, మెట్లెక్కినా, వంగి లేచినా తుంటిని వెనక నుంచి నిఠారుగా నిలబెట్టేది అదే. మీడియస్, మినిమస్ పక్కకి ఉంటాయి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు కటి ఒక పక్కకి ఒరిగిపోకుండా పట్టేవి ఇవి. కాబట్టి నాలుగు రకాల కదలికలుంటే సరిపోతుంది: తుంటిని పైకి తోసేది, తుంటి దగ్గర వంగి లేచేది, ఒంటికాలిది, కాలిని పక్కకి ఎత్తేది. వీటిని వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో చేయాలి.

మొదటిది హిప్ థ్రస్ట్. దీనికి కొంచెం ఓపిగ్గా సమయం ఇవ్వండి, ఎందుకంటే పైనుంచి చూస్తే సరిగ్గానే చేస్తున్నట్టుండి లోపల పిరుదులు అసలు పనిచేయకపోవడం ఇందులో మామూలే. బెంచి సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తుంటే చాలు. వెనక్కి జరగకుండా గోడకి ఆనించండి. నేల మీద కూర్చుని, వీపు మీది రెక్క ఎముకల కింది అంచు బెంచికి తగిలేలా ఆనుకోండి. బార్‌కి (రెండు చివర్లా బరువులు తగిలించే ఇనుప కడ్డీకి) మందపాటి ప్యాడ్ తొడిగి, పొట్టా తొడా కలిసే మడతలో పెట్టుకోండి. ప్యాడ్ లేకుండా చేస్తే ఎముక నొప్పికే సెట్ (ఆపకుండా వరసగా చేసే ఒక విడత) ఆగిపోతుంది. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్ళు కాస్త బయటికి.

ఇప్పుడు గడ్డం ఛాతీ వైపు దించి, చూపు ఎదుటి గోడ మీద ఉంచి, మడమలతో నేలని నొక్కుతూ తుంటిని లేపండి. పైకి చేరేసరికి భుజాల నుంచి మోకాళ్ళ దాకా ఒకే గీతలో ఉండాలి, మోకాలి కింది భాగం నిట్టనిలువుగా ఉండాలి. అక్కడ ఒక్క క్షణం ఆగి పిరుదులు గట్టిగా బిగించి, రెండు మూడు సెకన్లలో నెమ్మదిగా దించండి. ధన్‌మని వదిలేయకండి, దించడం కూడా వ్యాయామమే.

ఎక్కడ పడుతోందో గమనించండి. తొడ ముందు భాగం లాగుతుంటే పాదాలు పిరుదులకి మరీ దగ్గరగా ఉన్నాయి, కాస్త ముందుకి జరపండి. తొడ వెనక కండ పట్టేస్తుంటే మరీ దూరంగా పెట్టారు, లోపలికి తెచ్చుకోండి. నడుము నొప్పి పెడుతుంటే పైకి వెళ్ళి వెన్ను విరుస్తున్నారన్నమాట. లేచే ముందు ఊపిరి వదిలి, పక్కటెముకలు కిందికి దించి, పొట్ట బిగించి లేవండి. ఈ సవరణకి ఎత్తు రెండంగుళాలు తగ్గినా పర్లేదు, ఆ రెండంగుళాలూ నడుమువే. బెంచి లేనివాళ్ళు నేల మీద పడుకుని ఇదే చేయొచ్చు, దాన్ని గ్లూట్ బ్రిడ్జ్ అంటారు. రెండు కాళ్ళతో తేలికైపోయాక ఒంటికాలితో చేస్తే బరువు లేకుండానే కష్టం పెరుగుతుంది.

రెండోది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. దీన్ని నేను గోడ దగ్గర నేర్పిస్తాను. గోడ వైపు వీపు పెట్టి, మడమలు గోడకి ఒక పాదమంత దూరంలో ఉంచి నిలబడండి. మోకాళ్ళు కొద్దిగా సడలించి, పిరుదులతో గోడని తాకడానికి వెనక్కి వెళ్ళండి. వెన్ను నిటారుగానే ఉంటుంది, ఛాతీ దానంతటదే ముందుకి వాలుతుంది. తాకగానే తుంటిని ముందుకి తోసి లేవండి. అది వచ్చాక రెండంగుళాలు ముందుకి జరిగి మళ్ళీ చేయండి. చాలామంది ఇక్కడ మోకాళ్ళు వంచేసి కూర్చోబోతారు, అప్పుడు అది స్క్వాట్ అయిపోతుంది. కదలిక కుదిరాక చేతుల్లో డంబెల్స్ గానీ బార్ గానీ పట్టుకుని, అది తొడలకి రాసుకుంటూ దిగేలా చేయండి. పిరుదులు వెనక్కి జరగడం ఎక్కడ ఆగిందో మీ లోతు అంతే. కొందరికి మోకాలి కింద ఆగుతుంది, కొందరికి పిక్క మధ్యలో. అంతకన్నా దించితే ఆ దిగేది వెన్ను గుండ్రబడి దిగేదే. తొడ వెనకా పిరుదుల్లోనూ సాగుతున్నట్టు తెలియాలి. రెండో రోజు కూర్చోవడానికి ఇబ్బంది పడేది ఎక్కువగా దీనివల్లే.

ఒంటికాలి వ్యాయామాల్లో నాకు నచ్చింది బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్. నేర్చుకునేవాళ్ళెవరికీ నచ్చదు. వెనక పాదం బెంచి మీద పెట్టి, ముందు కాలి మీద దిగి లేవడం. ఒళ్ళు కాస్త ముందుకి వాల్చి, ముందు మడమ నొక్కితే పిరుదుకి పడుతుంది, నిట్టనిలువుగా దిగితే తొడకి పోతుంది. బలం తక్కువున్న కాలితో మొదలుపెట్టి, అది ఎన్ని చేస్తే రెండోదానితోనూ అన్నే చేయండి. నిలకడ కుదరనివాళ్ళు ఒక చేత్తో గోడ పట్టుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. పక్కకి ఎత్తేదానికి ఒక పక్కకి పడుకుని పై కాలిని కాస్త వెనక్కి ఉంచి లేపితే చాలు. మడమ ముందు లేవాలి, బొటనవేలు కిందికి చూడాలి.

స్క్వాట్ లేదేమిటని అడుగుతారు. చేస్తే మంచిదే, లోతుగా దిగితే పిరుదులకీ బాగానే పడుతుంది. కానీ ఎక్కువ పని తొడ ముందు భాగానిది. ఇష్టమైతే ఒక రోజు స్ప్లిట్ స్క్వాట్ బదులు పెట్టుకోండి. రబ్బరు బ్యాండ్ కట్టుకుని వంద సార్లు కాలు ఊపే వీడియోల సంగతి వేరు. మంట పుడుతుంది కాబట్టి పెరుగుతోందనుకుంటారు. అదే బ్యాండ్‌తో అదే వంద ఆరు నెలలు ఊపితే, రెండో నెల నుంచీ శరీరానికి అది కొత్త పని కాదు.

ప్రతి వ్యాయామం మూడు సెట్లు, సెట్‌కి 8 నుంచి 12 సార్లు. పక్కకి ఎత్తేదానికి 15 నుంచి 20. సెట్ ఆపేటప్పుడు ఇంకా ఒకటి రెండు మాత్రమే సరైన పద్ధతిలో చేయగలను అనిపించాలి. ఇంకో ఆరు చేయగలిగితే ఆ బరువు తేలిక. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నుంచి మూడు నిమిషాలు ఆగండి. కూర్చోవడం సోమరితనంగా అనిపించి వెంటనే లేచేవాళ్ళుంటారు, వాళ్ళ మూడో సెట్ ఎప్పుడూ సగంలో పోతుంది.

ఒక నోట్‌బుక్ పెట్టండి. "హిప్ థ్రస్ట్ 40 కిలోలు: 12, 11, 9" అని రాసుకున్నారనుకోండి. వచ్చేసారి లక్ష్యం ఆ 9ని 10 చేయడం. మూడు సెట్లూ 12కి చేరాక 2.5 లేదా 5 కిలోలు పెంచండి. సంఖ్య మళ్ళీ 9కో 8కో పడుతుంది, అక్కణ్ణుంచి ఎక్కండి. పిరుదుల కండ పెరగడం అద్దంలో కనపడటానికి నెలలు పడుతుంది, ఈ పుస్తకంలో రెండు మూడు వారాల్లోనే తెలుస్తుంది. తిండి తగ్గించినప్పుడు ఈ ఎక్కడం నెమ్మదిస్తుంది, అయినా బరువు మాత్రం తగ్గించకండి. మరీ అలసటగా ఉన్న వారం మూడు సెట్లు రెండు చేసుకోండి, అదే బరువుతో.

ఇక తిండి. రోజూ మీకు సరిపోయేదానికన్నా 300 నుంచి 500 క్యాలరీలు తక్కువ, అంతకన్నా కోత పెట్టొద్దు. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే సరైన వేగం. 70 కిలోలున్నవాళ్ళకి అది 350 నుంచి 700 గ్రాములు. వారానికి రెండు కిలోలు తగ్గి సంబరపడేవాళ్ళు అందులో నీళ్ళెంతో కండ ఎంతో లెక్క వేయరు.

ప్రోటీన్ విషయంలో మాత్రం నేను రాజీ పడను. కిలో బరువుకి 1.6 గ్రాములు తక్కువలో తక్కువ, 2.2 దాకా వెళ్ళొచ్చు. 70 కిలోలకి రోజుకి సుమారు 110 గ్రాములు. బరువు బాగా ఎక్కువున్నవాళ్ళు చేరాలనుకున్న బరువుతో లెక్క వేసుకుంటే సరిపోతుంది. ఒక్కపూటే కుమ్మేయకుండా మూడు నాలుగు పూటలకి పంచండి, పూటకి సుమారు 28 నుంచి 37 గ్రాములు పడతాయి. ఒక పెద్ద గుడ్డులో 6 గ్రాములే ఉంటాయని తెలిశాక, పొద్దున ఒక్క గుడ్డుతో సరిపెట్టుకునే వాళ్ళు తమ లెక్క తామే సరిచేసుకుంటారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఈ సంఖ్య డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి. బరువుల రోజు వ్యాయామానికి ముందూ తర్వాతా వచ్చే పూటల్లో పిండిపదార్థాలు తగ్గించకండి, కోత మిగతా పూటల్లో పెట్టుకోండి.

నడక పెంచండి. ఇప్పుడు వేస్తున్న అడుగులకి ఇంకో రెండు వేలు కలిపితే చాలు. నడక వల్ల కాళ్ళు అలిసిపోయి మర్నాటి హిప్ థ్రస్ట్ పాడవదు. పరుగు ఇష్టమైతే బరువుల తర్వాతో, వేరే రోజో పెట్టుకోండి, ముందు మాత్రం వద్దు. నిద్ర ఏడు గంటలకి తగ్గితే ఆకలీ పెరుగుతుంది, పుస్తకంలో అంకెలూ పడతాయి.

తూకం రోజూ పొద్దున్నే చూసి వారం సగటు తీయండి. ఒక్క రోజు అంకె చూసి బెంబేలు పడొద్దు. నెలసరికి ముందు ఒంట్లో నీరు నిలిచి ఒకటి రెండు కిలోలు ఎక్కువ చూపించడం చాలామందికి ఉన్నదే. దాన్ని పోయిన నెల అదే వారంతో పోల్చాలి. రెండు వారాలకోసారి టేపుతో బొడ్డు దగ్గరా, పిరుదులు అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోటా కొలవండి. నడుము తగ్గుతూ, తుంటి కొలత నిలబడి గానీ కాస్త తగ్గి గానీ ఉండి, నోట్‌బుక్ అంకెలు ఎక్కుతుంటే అంతా సరిగ్గా నడుస్తున్నట్టే. తుంటి కొలత తగ్గిందని కంగారు పడి తిండి పెంచేవాళ్ళున్నారు. పోయింది కొవ్వు, ఎక్కిన అంకెలు కండవి. వరసగా రెండు వారాలు అన్ని వ్యాయామాల్లోనూ అంకెలు పడిపోతే మాత్రం తిండి మరీ తక్కువైంది. రోజుకి 150, 200 క్యాలరీలు కలిపి చూడండి.

కండ నొప్పి ఒకటి రెండు రోజులుండి పోతుంది. కీలులో పొడుచుకొచ్చినట్టున్నా, పిరుదు నుంచి కాలి కిందికి తిమ్మిరి గానీ లాగుడు గానీ దిగుతున్నా అది కండ నొప్పి కాదు. ఆపి డాక్టర్‌కి చూపించండి. గర్భిణులూ, ఈమధ్యే కాన్పయినవాళ్ళూ అనుమతి తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

ఇలా పది పన్నెండు వారాలు నడిచాక, బరువు ఇంకా తగ్గాల్సి ఉన్నా, రెండు వారాలు సరిపడా తినండి. ఆ రెండు వారాల్లో హిప్ థ్రస్ట్ బరువు సునాయాసంగా పెరుగుతుంది, దాన్ని వాడుకుని మళ్ళీ కోతకి దిగండి. కావలసినంత సన్నబడి, వెనక ఇంకా నిండుగా రావాలనుకునేవాళ్ళకి కోతతో పని లేదు. వారానికి 150 క్యాలరీల చొప్పున కలుపుతూ తూకం ఎక్కడ నిలిచిందో అక్కడ ఆగి, నాలుగో సెట్ అప్పుడు మొదలుపెట్టండి.